ఒకే బరువు... ఎంత చోటు మీద?

పాఠంలో పీడనం వేరు. హాస్టల్ గదిలో ఒత్తిడి వేరు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పిల్లల చదువుల గురించి ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి చాలానే బయటపడతాయి.

'బంగాళాఖాతంలో అల్పపీడనం...'

వార్తల్లో ఈ మాట వినపడగానే జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో రైతు ముందు ఆకాశం వంక చూస్తాడు. తర్వాత చేలో విచ్చుకున్న పత్తి వంక చూస్తాడు. పీడనం అంటే ఏమిటో చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. అదొస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఆయన కొడుకుని మాత్రం అడుగుతారు. కుర్రాడు తడుముకోకుండా రాస్తాడు... 'ప్రమాణ వైశాల్యంపై లంబంగా పనిచేసే బలాన్ని పీడనం అంటారు. దీని ప్రమాణం పాస్కల్.' రెండు మార్కులకి రెండు! అదే కుర్రాణ్ణి ఆదివారం హాస్టల్‌కి ఫోన్ చేసి 'ఎలా ఉన్నావు నాన్నా?' అని తల్లి అడిగితే, 'బానే ఉన్నా. కొంచెం ప్రెషర్‌గా ఉందంతే' అంటాడు. ఆ ప్రెషర్‌కి ప్రమాణం లేదు. కొలిచే పరికరం లేదు. మార్కులూ లేవు.

మన భాష ఈ విషయంలో కాస్త తమాషా చేసింది. సైన్సు పుస్తకాలకేమో 'పీడనం' అన్న మాటనిచ్చింది. పీడ, పీడకల, పీడించడం... అన్నీ ఆ గూటి పక్షులే. నిజంగా పీడించే దానికేమో 'ఒత్తిడి' అన్న మెత్తటి మాటతో సరిపెట్టింది. కాళ్లు ఒత్తితే హాయిగా ఉంటుంది. వేలు తలుపు సందులో ఒత్తుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. రెండూ ఒత్తుడే! ఇక డాక్టరు దగ్గరికెళితే అది 'రక్తపోటు'. 120/80 అంటే నూట ఇరవై, ఎనభై మిల్లీమీటర్ల పాదరసం అని అర్థం. మన చుట్టూ ఉన్న గాలి బరువేమో 760 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు కిలో. అరచేతి మీదే బస్తా బరువుకి మించి మోస్తున్నాం. తెలియదెందుకు? లోపలి నుంచీ అంతే ఒత్తిడి బయటికి నెడుతోంది కాబట్టి.

బండి చక్రం చెప్పే పాఠం

పీడనం పాఠాన్ని నల్లబోర్డు మీద కన్నా నల్లరేగడి నేల మీద చెప్పడం తేలిక. నందిగామ, జగ్గయ్యపేట వైపు వానాకాలంలో ఇనుప పట్టా వేసిన చెక్కచక్రాల బండి చేలో దిగితే ఇరుసు దాకా కూరుకుపోయేది. ఎద్దులు మోకాళ్ల మీద పడేవి. అదే బరువుని టైరు బండి మీద వేస్తే చాలావరకు సాఫీగా లాక్కొచ్చేవి. బస్తాలు అవే, నేల అదే. మారిందల్లా నేలని తాకే చోటు. సన్నటి ఇనుప పట్టా బరువంతా నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని చోట మోపుతుంది. టైరు దాన్నే జానెడు వెడల్పున పరుస్తుంది. గుండుసూదిని మొన వైపు నుంచి నొక్కితే దిగబడుతుంది, తల వైపు నుంచి నొక్కితే దిగదు. అదీ ఇదే.

పీడనం అంటే బరువు కాదు. బరువుని చోటుతో భాగిస్తే వచ్చేది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాతి సంగతి దానంతటదే అర్థమవుతుంది.

మెట్ట ప్రాంతపు కుటుంబాల్ని చూడండి. నాన్న కౌలు, అమ్మ పొదుపు సంఘం అప్పు, అక్క పెళ్లికి దాచింది కొంచెం, తాత పొలంలో అమ్మిన అరెకరం... ఇదంతా బరువే. తరాలుగా మోస్తున్నదే. ఇదివరకు ఆ బరువు నలుగురు పిల్లల మీద, పొలం మీద, రెండు గేదెల మీద, ఉన్న కొద్దిపాటి మామిడి తోట మీద సర్దుకుని కూర్చునేది. ఇప్పుడు అదంతా ఒకే కుర్రాడి మీద, అతను రాసే ఒకే పరీక్ష మీద, అందులో మూడు గంటల మీద, చివరికి ఒక ర్యాంకు మీద నిలబడుతోంది. బరువు పెరిగిందో లేదోగానీ చోటు మాత్రం గుండుసూది మొనంత అయ్యింది.

విజయవాడ చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీలు పెరిగాక ఈ లెక్క ఇంకా ముదిరింది. పల్లెలో తెలుగు మీడియంలో పది చదివిన పిల్లలు ఇంటర్‌లో ఇంగ్లిషు మీడియంలో కూర్చునేవారు. నిన్నటిదాకా పీడనం, ద్రవ్యవేగం, త్వరణం... తెల్లారేసరికి ప్రెషర్, మొమెంటమ్, యాక్సిలరేషన్. సంగతి తెలిసీ తెలియనివాళ్లలా కూర్చోవాలి. దానికి తోడు తెల్లవారుజామున స్టడీ అవర్, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. కింది సెక్షన్‌కి దించినరోజు మెస్‌లో అన్నం సయించదు. ఇంటికి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న 'తిన్నావా?' అయితే నయమే. 'ఏరా, ఎన్నొచ్చినయ్?' అయితే..?

గట్టు ఎక్కడ తెగుతుంది?

జి.కొండూరు మండలానికి ఒత్తిడి గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వెలగలేరు రెగ్యులేటరు అక్కడే ఉంది. మామూలుగా ఏరు అని పిలవడానికి కూడా మొహమాటపడేంత చిన్నది బుడమేరు. 2024 ఆగస్టు 31న మొదలైన వాన దాన్ని మరో రూపంలో చూపించింది. ఆ రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండంలో గాలి పీడనం మామూలు కన్నా తగ్గింది కొద్ది హెక్టోపాస్కళ్లే. వెయ్యిలో పదో వంతు తేడా కూడా కాదు, అందులో కొసరు. అంత చిన్న తేడాకే మైలవరం కొండల నీళ్లన్నీ బుడమేరులోకి దూకాయి. వరదని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలవకు దాని తాహతుకు మించిన నీళ్లొచ్చాయి. ఎడమ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తేగానీ గండ్లు పూడలేదు.

నీటి ఒత్తిడికి రెండు గుణాలున్నాయి. ఒకటి, అది లోతుని బట్టి పెరుగుతుంది. ప్రతి పది మీటర్ల లోతుకీ మరో వాతావరణమంత పీడనం అదనంగా చేరుతుంది. చెరువు గట్టు పైన సన్నగా, అడుగున వెడల్పుగా కట్టేది అందుకే. రెండోది, ఫ్రాన్సు శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో తేల్చి చెప్పింది... మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా పాకుతుంది. మెకానిక్ షెడ్లో కారుని పైకెత్తే హైడ్రాలిక్ జాకీ పనిచేసేది ఈ సూత్రం మీదే. సమానంగా పాకినా, అన్నిచోట్లా తెగదు. ఎలుక బొరియ ఉన్నచోట, ఏటా మట్టి వేయడం మర్చిపోయినచోట తెగుతుంది.

ఒకే క్లాసులో అరవై మందికీ ఒకే టైంటేబులు. ఒకే తిట్లు. యాభై తొమ్మిది మంది ఎలాగో గట్టెక్కుతారు. ఒక్కరు తెగిపోతారు. వెంటనే 'వాడు సున్నితం', 'మనసు గట్టిది కాదు' అంటారు. గండి పడినచోట మట్టిని తిట్టినట్టే ఉంటుందిది. అక్కడ బొరియ ఎప్పుడు పడిందో, ఎవరు చూడలేదో అడగాలి. ఇంట్లో అప్పుల గొడవా? క్లాసులో భాష అర్థం కాలేదా? నలుగురిలో మార్కులు చదివి నవ్వించారా? నిద్రలేక ఎన్నాళ్లయింది?

దేశంలో 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. మన రెండు రాష్ట్రాల్లో ఈ అంకెల వెనక ఎన్నో ఊళ్లు, ఎన్నో ఇళ్లు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారు. ఆ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయని తర్వాత తేలింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి! పరికరమే తప్పు చూపిస్తుంటే కొలతని నమ్మి కుంగిపోయిన పిల్లలకు జవాబు చెప్పేదెవరు?

'స్ట్రెస్' అన్నది తప్పుమాటేనట!

ఇంటర్ ఫిజిక్సులో పీడనానికి దగ్గరి చుట్టం ఒకటుంది. దాని సూత్రమూ అదే, ప్రమాణమూ పాస్కలే. పేరు స్ట్రెస్. తెలుగు అకాడమీ పుస్తకం దాన్ని 'ప్రతిబలం' అంటుంది. ఎంత చక్కటి మాటో చూడండి! బయటి నుంచి లాగితే తీగ ఊరికే సాగిపోదు. తన రూపం తాను నిలబెట్టుకోవడానికి లోపలి నుంచి ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురు బలమే స్ట్రెస్. దానివల్ల తీగలో వచ్చే మార్పు స్ట్రెయిన్, అంటే 'వికృతి'.

మనసుకీ ఒంటికీ వచ్చే బాధకు ఈ మాటని తెచ్చి అంటించినవాడు హాన్స్ సెలీ. వియన్నాలో పుట్టి కెనడాలోని మాంట్రియల్‌లో పనిచేసిన ఈ వైద్యుడు 1936లో 'నేచర్' పత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. చలి కానీ, గాయం కానీ, విషం కానీ... బాధ ఏదైనా ఎలుకల ఒంట్లో ఒకే తరహా మార్పులు కనిపిస్తున్నాయన్నది దాని సారాంశం. తర్వాత వాటికి స్ట్రెస్ అని పేరుపెట్టాడు. పెద్దయ్యాక, అప్పట్లో తనకు ఇంగ్లిషు సరిగా రాక అలా అన్నాననీ, నిజానికి స్ట్రెయిన్ అనాల్సిందనీ ఒప్పుకొన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ప్రపంచమంతా స్ట్రెస్ అనడం మొదలుపెట్టేసింది.

ఇది మాటల తగువు మాత్రమే కాదు. పిల్లాడి మీద ఎంత బలం వేశామన్నది ఒక లెక్క. దానికి వాడు లోపల ఎంత ఎదురు నిలుస్తున్నాడన్నది ఇంకో లెక్క. ఎంత మారిపోయాడన్నది మూడోది. ఇళ్లలో మనం ఎప్పుడూ మొదటిదే చూస్తాం... 'మేం ఏం అన్నాం కనక? చదువుకోమనే కదా!' మూడోది చూసేవాళ్లు తక్కువ.

తీగ కొంతవరకు సాగి, వదిలేస్తే మళ్లీ మామూలవుతుంది. ఒక హద్దు దాటితే వదిలినా పాత రూపానికి రాదు. ఆ హద్దు ఇనుముకి ఒకటి, రాగికి ఒకటి, సీసానికి ఒకటి. అన్నింటినీ ఒకే బరువుతో పరీక్షించే ఇంజినీరు ఎక్కడా ఉండడు.

ఇంకో ముచ్చట కూడా ఆ పాఠంలోనే ఉంది. 19వ శతాబ్దంలో లార్డ్ కెల్విన్ లోహపు తీగల్ని మెలితిప్పి వదిలి, అవి ఊగడం ఎంతసేపటికి ఆగుతుందో చూసేవాడు. రోజుల తరబడి ఊగించిన తీగ త్వరగా చతికిలబడేది. కొన్నాళ్లు ఊరికే వదిలేసి మళ్లీ ఊగిస్తే తేరుకునేది. దానికే ఎలాస్టిక్ ఫెటీగ్ అని పేరు. రెండు మార్కుల ప్రశ్న. లోహం కూడా అలిసిపోతుందనీ, దానికీ విశ్రాంతి కావాలనీ ఆదివారం స్టడీ అవర్‌లో కూర్చుని బట్టీ పడుతున్న పిల్లలు మనకున్నారు.

వజ్రాల సీమలో వజ్రాల సామెత

'ఒత్తిడి లేకపోతే బొగ్గు వజ్రమయ్యేదా?' కాలేజీ ఫ్రెషర్స్ డే రోజున ఈ మాట వినని తల్లిదండ్రులు ఉండరు. నందిగామ పక్కనే దీన్ని పరీక్షించుకోవచ్చు. కంచికచర్ల దగ్గర పరిటాల ఒకప్పుడు వజ్రపు గనులకు పేరు. ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం అక్కడే దొరికిందని కొందరు, కృష్ణ ఆవలి కొల్లూరులో అని కొందరు చెబుతారు. ముడిగా 410 క్యారట్లు. సానపెట్టాక మిగిలింది 140 చిల్లర. చందర్లపాడు మండలం గుడిమెట్లలో తొలకరి పడితే ఇప్పటికీ జనం నేల వంక చూస్తూ తిరుగుతారు.

మరి వజ్రం ఎలా పుట్టింది? భూమికి దాదాపు 150 కిలోమీటర్ల లోతున, వాతావరణ పీడనానికి యాభైవేల రెట్ల ఒత్తిడిలో, వెయ్యి డిగ్రీల అటూ ఇటూ వేడిలో. పట్టిన కాలం రెండేళ్ల ఇంటర్మీడియట్ కాదు. ఇప్పుడు దొరికే వజ్రాల్లో చాలావాటి వయసు వందకోట్ల ఏళ్లకు పైమాటే. పైగా అక్కడున్నది కర్బనం కాబట్టి వజ్రమైంది. అదే ఒత్తిడి వేరే వాటిని వేరే రాళ్లుగా మారుస్తుంది. అవీ పనికొచ్చేవే, కాకపోతే వజ్రాలు కావు. సామెత చెప్పేవాళ్లు వదిలేసేది మరొకటుంది. వజ్రాన్ని గీరలేం కానీ, సుత్తితో కొడితే పగులుతుంది. గట్టిదనం వేరు, పెళుసుదనం వేరు.

అలాగని ఒత్తిడి అసలే వద్దనడమూ సరికాదు. పరీక్ష తేదీ లేకపోతే పుస్తకం తెరిచేదెవరు? 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలకు చిన్నచిన్న షాకులిస్తూ దారి గుర్తుపట్టడం నేర్పించారు. పని తేలికైతే షాకు పెంచినకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. పని కష్టమైనప్పుడు మాత్రం షాకు పెరిగితే తడబడ్డాయి. ఓ మోస్తరు షాకే మేలనిపించింది. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తించదు కానీ, ఎక్కం అప్పజెప్పించడానికి బెదిరింపు పనికొస్తుందేమో, కొత్త లెక్క ఆలోచించి చేయడానికి పనికిరాదని అనుభవం ఉన్న మాస్టార్లు ఎప్పటి నుంచో అంటున్నదే.

బాయిలర్‌కి ఉన్నపాటి చట్టం

జి.కొండూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడి 800 మెగావాట్ల యూనిట్లో ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి 218 రెట్లకు మించి ఉంటుంది. అంత ఒత్తిడిని పక్కనే పెట్టుకుని జనం నిశ్చింతగా ఎలా నిద్రపోతున్నారు? మీటర్లున్నాయి, సేఫ్టీ వాల్వులున్నాయి, తనిఖీలున్నాయి. మన దేశంలో బాయిలర్లకు 1923లోనే చట్టం వచ్చింది. 2025లో దాన్ని మార్చి కొత్తది చేశారు.

పిల్లల విషయంలో? ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ వేశారు. చెప్పాల్సినవి చెప్పారు. 2023లో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వీటినే పాటించాలంది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. అందరిలో అవమానించకూడదు. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. బాయిలర్ల తర్వాత 102 ఏళ్లకు!

ఇంట్లో కుక్కర్ సంగతి కూడా చెప్పుకోవాలి. విజిల్ వేస్తే ఎవరూ భయపడరు. లోపలి ఒత్తిడి పెరిగిందనీ, అది బయటికొస్తోందనీ తెలుస్తుంది. మంట మీద చాలాసేపు ఉండి, విజిల్ రాని కుక్కరంటేనే అమ్మకి కంగారు. ఆవిరి పోయే రంధ్రంలో మెతుకు అడ్డం పడిందేమోనని స్టవ్ ఆపేస్తుంది. మూత మాత్రం బలవంతంగా తీయదు. చల్లారనిస్తుంది. విసుక్కునే పిల్లాడి గురించి ఇంటిల్లిపాదీ బెంగపడతారు. ఉన్నట్టుండి మాట తగ్గిపోయి, తిండి తగ్గి, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేసి, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది' లాంటి మాట నవ్వుతూ అనేసే పిల్లాణ్ణి 'బుద్ధిమంతుడయ్యాడు' అనుకుంటారు. అసలు భయపడాల్సింది అక్కడ. ఆ మాట వింటే కొట్టిపారేయకుండా పక్కన కూర్చోవాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడిగినా తప్పులేదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహేనని మానసిక వైద్యులు చెబుతారు. ఒంటరిగా వదలకూడదు. 14416కి చేస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ కౌన్సెలర్లు రాత్రీపగలూ, తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు కట్టక్కర్లేదు.

చోటు పెంచే ప్రయత్నాలూ కొన్ని జరిగాయి. 2019 నుంచి జేఈఈ మెయిన్‌ని ఏడాదికి రెండుసార్లు రాసే వీలొచ్చింది. ఇంటర్ తప్పినవాళ్లకు ఏడాది ఆగే పనిలేకుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకి చేర్చుకుంటారు. ఎంట్రన్స్ లేదు. మెట్ట ప్రాంతపు సర్కారు బడి పిల్లలకు అదో పెద్ద ఊరట. (ఆ బెంగ కాస్తా పదో తరగతికి జరిగిందనేవాళ్లూ లేకపోలేదు!)

వేసవిలో కాలేజీ పీఆర్వోలు ఊళ్లోకి వస్తారు. రంగుల కాగితం మీద ర్యాంకులు చూపిస్తారు. ఫీజులో తగ్గింపు గురించి బేరం ఆడడం మనకి బాగానే వచ్చు. ఈసారి మరికొన్ని కూడా అడగండి. మీ కౌన్సెలర్ పేరేమిటి, ఏం చదివారు, వారంలో ఎన్ని రోజులుంటారు? పిల్లలు రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? ఆటస్థలం ఎక్కడ, అందులో ఆడనిస్తారా? టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారా? ఇంటికి ఫోన్ చేయాలంటే వార్డెన్ పక్కనే ఉంటాడా? చివరి బెంచీలో కూర్చున్న వాళ్లతో మేం ఓ పావుగంట మాట్లాడొచ్చా?